నాన్నని కొత్త మందు పరీక్షలో చేర్చమంటున్నారు, సంతకం పెట్టాలా వద్దా?

పొందూరు_మగ్గం
జనవరి 5, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాణ్ణే, రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

మాది పొందూరు. నాన్నకి 51 ఏళ్ళు, ఖాదీ నేస్తారు. అమ్మా మామ్మా నూలు వడుకుతారు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం టీవీల్లో చూసే ఉంటారు కదా, అలాంటి ఇల్లే మాదీను. నాలుగేళ్ళ కిందట పుష్యమాసంలో ఓ పొద్దున్న మగ్గంలో కూచుని తెగిన పోగు అతకబోతే నాన్నకి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. పోగు వేళ్ళకి తగులుతున్నట్టు తెలుస్తోంది, పట్టు మాత్రం రావడం లేదు. "సలికి బిగుసుకుపోయిందిలే" అని సెగ దగ్గర కాచుకున్నారు. మధ్యాహ్నానికి కాస్త నయమైంది. దాంతో మేమూ వదిలేశాం.

ఏడాది తిరిగేసరికి మణికట్టు వేలాడిపోయింది. తర్వాత ఎడమ పాదం. తొక్కుడు చెక్క మీద కాలు జారిపోయేది. ఒకచోట మెడ దగ్గర నరం నొక్కుకుందని పట్టీ వేశారు. ఒకచోట పక్షవాతం అన్నారు. ఇంకోచోట స్టెరాయిడ్ పెట్టారు, పది రోజుల్లో మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తలేని స్థితికొచ్చారు. నాలుగో ఆయన "మోటార్ న్యూరాన్ జబ్బులా ఉంది, మందు లేదు" అని ఫైలు మూసి ఇచ్చేశారు. వచ్చేటప్పుడు రైల్లో ఎవరమూ మాట్లాడుకోలేదు.

చివరికి విశాఖలో ఒక న్యూరాలజీ డాక్టరుగారు నరాల కరెంటు పరీక్ష గంటన్నర సేపు ఓపిగ్గా చేసి, మోచేతికీ మణికట్టుకీ మధ్య సంకేతం ఆగిపోతోందని చూపించారు. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి అట. ఎంఎంఎన్ అంటున్నారు. లక్షమందిలో ఒక్కరికి కూడా లేని జబ్బు. ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు డ్రిప్పులో ఎక్కించారు. మూడో వారంలో నాన్న తన చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నారు. పైబొత్తాం నుంచి కిందదాకా. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

ఇక్కడి నుంచీ డబ్బు కథ. నాన్న 58 కిలోలు. మొదటి కోర్సుకి కిలోకి 2 గ్రాముల లెక్కన 5 గ్రాముల సీసాలు 24. ఆ తర్వాత నెలకి 12 సీసాలు పడాలన్నారు. నెలకి అనేది వాళ్ళ మాట, మేం చీర అమ్ముడైనప్పుడల్లా వేయిస్తున్నాం. మందు పడ్డాక నాలుగు వారాలు బావుంటారు, ఆనక మళ్ళీ చెయ్యి వేలాడిపోద్ది.

ఇప్పుడు విషయం. వేరే ఆసుపత్రిలో ఇదే జబ్బుకి కొత్త మందు పరీక్ష జరుగుతోందని తెలిసి వెళ్ళాం. చేరితే మందూ పరీక్షలూ రైలు ఖర్చూ అన్నీ వాళ్ళవే. కానీ ఐవీఐజీ ఆపేయాలి. ఆపాక కొందరికి కొత్త మందు, కొందరికి డమ్మీ. ఎవరికేది పడుతోందో మాకూ తెలీదు, డాక్టరుకీ తెలీదు. ఇరవై ఏడు పేజీల కాగితం ఇచ్చి చదువుకుని రమ్మన్నారు. నేను డిగ్రీ చదివాను, అయినా సగం అర్థం కాలేదు. నాన్న మాత్రం ఒకే ఒక్క మాట అడిగారు. "ఏటిరా, మందు ఆపేసినాక సెయ్యి పడిపోతే మళ్ళీ ఎవులు లేపుతారు? ఎన్నాళ్ళకి లేపుతారు?"

నా దగ్గర సమాధానం లేదు. మీరేమంటారు?


చీపురుపల్లి_చిన్నోడు
జనవరి 5, రాత్రి 9.58

అన్నా, డబ్బులిస్తారటగా ఇలాంటివాటికి? మావాడొకడు హైదరాబాదులో రెండ్రోజులు పడుకుని పదివేలు తెచ్చాడు.


నాగావళి_గట్టు
జనవరి 5, రాత్రి 10.31

చిన్నోడూ, నువ్వు చెప్పింది వేరు. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద చేసేది, మందు ఒంట్లో ఎంతసేపు ఉంటోందో కొలవడానికి. ఇది జబ్బున్నవాళ్ళ మీద. రెండూ కలపకు.

పొందూరు తమ్ముడూ, నేను శ్రీకాకుళం వాణ్ణే, ఆరేళ్ళు హైదరాబాదులో ఇలాంటి పరీక్షలకి కోఆర్డినేటరుగా చేశాను. ఇప్పుడు మానేశాను, కాబట్టి ఎవరి పక్షమూ కాదు. ముందు నీకు రెండు ప్రశ్నలు. ఒకటి, కొత్త మందు దేని మీద పనిచేస్తుందని రాశారు? రెండు, కాగితంలో "రెస్క్యూ" అనే మాట, అంటే చెయ్యి పడిపోతే ఆదుకునే మందు గురించి, ఎక్కడైనా ఉందా? వెతికి పేజీ నంబరు చెప్పు.

మీ నాన్నగారు ఆ కాగితం చదవకపోయినా అడగాల్సింది అడిగేశారు.


ఉద్దానం_కొబ్బరి
జనవరి 5, రాత్రి 11.12

పెట్టొద్దు బావూ సంతకం. మాది కవిటి దగ్గర. మా ఊళ్ళో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు ఖాళీ అయ్యాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. పదిహేనేళ్ళుగా ఎవరో ఒకరు వస్తారు. రక్తం తీస్తారు, నీళ్ళు పడతారు, మట్టి తవ్వుకుపోతారు. మా పిన్ని చేతినుంచి నాకు తెలిసి ఏడుసార్లు తీశారు. ఒక్కసారైనా తిరిగొచ్చి "అమ్మా, నీ రక్తంలో ఇదుంది" అని చెప్పినవాడు లేడు. మన చెయ్యి వాళ్ళకి సూది గుచ్చుకోడానికి ఒక చోటు, అంతే. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, సంతోషం, విశాఖ పరుగు తగ్గింది. కానీ ఆ నమ్మకం మాత్రం తిరిగి రాలేదు.


రాజాం_మందులషాపు
జనవరి 6, ఉదయం 7.05

ఉద్దానం అన్న బాధలో అర్థం ఉంది. అయితే అది సర్వే, ఇది చికిత్స పరీక్ష. దీనికి చట్టం వేరు.

నా వైపునుంచి ఒక్క మాట. ఐవీఐజీ అంటే వేలమంది దానం చేసిన ప్లాస్మాలోంచి తీసిన యాంటీబాడీలు. ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డ కట్టకూడదు. నేను ఆర్డరు మీద తెప్పించి థర్మోకోల్ పెట్టెలో ఐసు ప్యాకులతో పంపిస్తాను. ఒకసారి బస్సులో పార్సిల్ మర్నాటిదాకా ఎండలో ఉండిపోయింది, నాలుగు సీసాలు వెనక్కి పంపాల్సొచ్చింది. ఆ నష్టం నాదే. అంటే ధర ఒక్కటే కాదు సమస్య, దారి కూడా.


పొందూరు_మగ్గం
జనవరి 6, రాత్రి 8.20

నాగావళి అన్నా, వెతికాను. మందు "కాంప్లిమెంట్" అనే దాన్ని ఆపుతుందని రాసి ఉంది. రెస్క్యూ అనే మాట 14వ పేజీలో ఒకసారి, 19లో ఒకసారి. 14లో "పట్టు బలం నిర్ణీత శాతం తగ్గితే, పరిశోధకుని నిర్ణయం మేరకు రెస్క్యూ చికిత్స పరిగణించబడును" అని ఉంది. పరిగణించబడును అంటే ఇస్తారనా, ఆలోచిస్తారనా?


చీపురుపల్లి_చిన్నోడు
జనవరి 6, రాత్రి 8.26

మా వీఆర్వో కూడా ఇదే మాటంటాడు. ఆయన పరిగణించడం మొదలెట్టి మూడేళ్ళయింది.


లస్కర్_తాత
జనవరి 6, రాత్రి 9.15

నేను వంశధార ఎడమ కాలువ మీద ముప్పై ఏళ్ళు లస్కర్‌గా, అంటే కాలువ నీళ్ళు చూసుకునే పనిలో, చేసి దిగినవాణ్ణి. డాక్టరుగారు మా అల్లుడికి ఈ నరాల జబ్బుల గురించి చెబుతుంటే పక్కనుండి విన్నాను. నాకు కాలువలాగే అనిపించింది. గొట్టా బ్యారేజీ దగ్గర నీరు నిండుగా ఉంటుంది. శివారు పొలంలో రైతు బాగానే ఉంటాడు, పొలమూ బాగానే ఉంటుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట గట్టు జారి తూము మూసుకుపోతే శివారుకి చుక్క రాదు. పైన నీరుంది, కింద పొలముంది, పంట మాత్రం ఎండిపోతోంది. మీ నాన్నకి చేతి కండ చెడలేదు, మెదడు చెడలేదు, మధ్యలో పూడిక. కానీ బాబూ, చాన్నాళ్ళు నీరందకపోతే పొలమూ బీడువారిపోద్ది. కండ కూడా అంతే. అది మర్చిపోవద్దు.


నాగావళి_గట్టు
జనవరి 6, రాత్రి 10.50

తాతగారూ, నేను ఆరేళ్ళు పేషెంట్లకి ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను.

దాని మీదే ఇంకొంచెం. ఎంఎంఎన్‌లో చాలామంది రక్తంలో జీఎం1 అనే పదార్థానికి ఎదురు తిరిగే యాంటీబాడీలుంటాయి, ఐజీఎం రకం. అవి వెళ్ళి చెయ్యి, కాలు ఆడించే నరాల మీద అంటుకుంటాయి. అంటుకున్నచోటికి కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల గుంపు ఒకదాన్నొకటి లేపుకుంటూ వచ్చి నరం పొర మీద పడుతుంది. తాకిడి తెలిపే నరాలకి ఏమీ కాదు, అందుకే మీ నాన్నగారికి తిమ్మిరి లేదు. చలికి ఎక్కువవడం కూడా ఈ జబ్బు గుర్తే. స్టెరాయిడ్‌తో ఇది తగ్గకపోగా ముదరవచ్చు, మీ ఇంట్లో జరిగింది అదే.

ఆ ప్రోటీన్ల వరసని మధ్యలో తెంపే మందులొస్తున్నాయి. ఎంపాసిప్రుబార్ట్ అనేది సీ2 అనే మెట్టు దగ్గర ఆపుతుంది. రెండో దశలో 54 మంది మీద 16 వారాలు చూశారు. మొదటి బృందంలో మళ్ళీ ఐవీఐజీ అవసరం పడే ముప్పు డమ్మీతో పోలిస్తే 91 శాతం తగ్గింది. చిన్న బృందమని గుర్తుపెట్టుకో, కానీ చిన్న మాట కాదది. నీ కాగితంలోది అదే మందని నేననడం లేదు, అదే కోవ. ఈ కోవ మందులు కొన్ని క్రిముల మీద ఒంటికుండే కాపలా తగ్గిస్తాయి, మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ అందులో ముఖ్యం. అందుకే ముందు టీకాలు వేస్తారు. మీ కాగితంలో టీకాల మాట ఉందా చూడు.

ఇప్పుడు మీ నాన్నగారి ప్రశ్న. దీనికి నిజమైన లెక్క ఉంది. ఇదే జబ్బులో ఐవీఐజీ పనిచేస్తుందని తేల్చిన పరీక్ష ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. 44 మంది. ప్రతి ఒక్కరికీ 12 వారాలు అసలు మందు, 12 వారాలు డమ్మీ, ఏది ముందో తెలియకుండా. డమ్మీ వంతులో చేతి పట్టు సగటున 31 శాతం పడిపోయింది. 69 శాతం మంది ఆ 12 వారాలు పూర్తి చెయ్యలేక మధ్యలోనే అసలు మందుకి మారిపోయారు. అసలు మందు వంతులో అలా మారింది ఒకే ఒక్కరు.

ఆ 69 శాతం మంది చేతులు పడిపోతుంటే చూస్తూ కూర్చోలేదు, మారే దారి ముందే కాగితంలో రాసి ఉంది. నీ కాగితంలో ఆ దారి ఎంత వెడల్పుందో చూసుకో. మందు మంచిదా కాదా అన్నది నువ్వూ నేనూ తేల్చలేం, దానికోసమే కదా పరీక్ష.


బొబ్బిలి_టీచర్
జనవరి 7, మధ్యాహ్నం 1.15

నాది సీఐడీపీ, మీ నాన్నగారి జబ్బుకి పెద్దమ్మ కూతురు లాంటిది. నాకు రెండు కాళ్ళూ సమానంగా పోయాయి. బొబ్బిలి కాంప్లెక్సులో బస్సు మెట్టు ఎక్కలేక కండక్టరు చెయ్యిచ్చి లాగిన రోజు నాకు తెలిసింది ఇది అలసట కాదని. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు కదల్లేదు. నాకు స్టెరాయిడ్ పనిచేసింది, దాంతోపాటు షుగరూ వచ్చింది.

మా జబ్బుకి 2024 జూన్‌లో అమెరికాలో ఎఫ్గార్టిజిమాడ్ అనే వారానికో ఇంజెక్షన్‌కి అనుమతి వచ్చింది. నాగావళిగారు చెప్పినట్టే ఆ పరీక్షా నేను వెతుక్కుని చదివాను. 322 మందికి ముందు అందరికీ అసలు మందే ఇచ్చారు. ఎవరికి గుణం కనిపించిందో వాళ్ళని మాత్రమే రెండు భాగాలు చేసి, 111 మందికి అదే మందు, 110 మందికి డమ్మీ. డమ్మీ పడినవాళ్ళలో 59 మందికి జబ్బు తిరగబెట్టింది, మందు పడినవాళ్ళలో 31 మందికి. మొదట ఈ పద్ధతి చదివి కోపమొచ్చింది. నయమైనవాడి చేతిలోంచి మందు లాక్కోవడం ఏమిటని. తర్వాత ఆలోచిస్తే, సీఐడీపీలో కొందరికి మందు లేకుండానే జబ్బు సద్దుమణిగిపోతుంది. లాక్కుంటే తప్ప ఆ నయం మందుదో ఒంటిదో తెలియదు. కోపం పూర్తిగా పోలేదు గానీ.

ఎవరైనా "ఆ ఇంజెక్షనే మీ నాన్నకీ ఇప్పించు" అంటే వినకండి. అది ఐజీజీ రకం యాంటీబాడీలని ఒంట్లోంచి తొందరగా బయటికి పంపే మందు. మీ నాన్నగారి గొడవ ఐజీఎంతో. పేర్లు ఒకేలా వినిపించినా తాళాలు వేరు.


ఉద్దానం_కొబ్బరి
జనవరి 7, సాయంత్రం 6.40

టీచరుగారూ, మీరు చదువుకున్నవారు. మీకు లాక్కున్నప్పుడు కోపమైనా వస్తుంది. మావాళ్ళకి లాక్కున్నట్టు కూడా తెలియదు, అదీ నా బాధ.

ఇంకో సంగతి. ఐవీఐజీకి కిడ్నీతో పేచీ ఉందని మా డాక్టరు అన్నారు. నిజమా?


టెక్కలి_సిస్టర్
జనవరి 7, రాత్రి 9.02

నిజమే అన్నా. ముఖ్యంగా చక్కెర, అంటే సుక్రోజ్ కలిపిన రకాలతో కిడ్నీ దెబ్బతినే ముప్పు ఎక్కువ. అందుకే ఎక్కించే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తాం, నీళ్ళు బాగా తాగమంటాం, డ్రిప్పు నెమ్మదిగా మొదలెట్టి పెంచుతాం. రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంది. ఉద్దానం వైపునుంచి వచ్చినవాళ్ళయితే నేను ఊరి పేరు వినగానే రిపోర్టు అడుగుతాను. తొందరగా అయిపోవాలని డ్రిప్పు స్పీడు పెంచమనే చుట్టాలు ఉంటారు, వాళ్ళని గదిలోంచి పంపించేయండి.

పొందూరు తమ్ముడూ, మీ నాన్నగారి క్రియాటినిన్ ఎంత?


పొందూరు_మగ్గం
జనవరి 7, రాత్రి 9.30

0.9 సిస్టర్. ఆ వరకు బాగానే ఉంది.


నిర్వాహకుడు
జనవరి 8, ఉదయం 6.50

రాత్రి ఇక్కడ ఒకరు పక్షవాతానికి పావురం రక్తం, ఏదో తైలం, ఫోన్ నంబరు పెట్టారు. తీసేశాను. పావురాల జోలికి వెళ్ళకండి. చర్చ కొనసాగించండి.


నాగావళి_గట్టు
జనవరి 8, రాత్రి 11.20

ఉద్దానం అన్నా, నీ మాట పట్టుకునే రాస్తున్నాను. తెలియకుండా జరగకూడదనే 2019లో కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నియమాలు వచ్చాయి. పేషెంటుకి అర్థమయ్యే భాషలో కాగితం ఉండాలి, ఒక కాపీ ఇంటికివ్వాలి. ఎప్పుడైనా మానేయొచ్చు, మానేసినందుకు మామూలు వైద్యం ఆపకూడదు. పరీక్ష వల్ల దెబ్బ తగిలితే వైద్యం ఉచితం, శాశ్వత వైకల్యమో ప్రాణనష్టమో జరిగితే స్పాన్సరు, అంటే పరీక్ష చేయించే కంపెనీ, పరిహారమివ్వాలి.

ఇందులో చాలామంది చదవని ముక్క ఒకటుంది. కొత్త మందు పనిచెయ్యకపోయినప్పుడు, ఇవ్వాల్సిన రెస్క్యూ మందు అందుబాటులో ఉండి కూడా ప్రోటోకాల్ (పరీక్ష ఎలా జరపాలో ముందే రాసుకున్న పద్ధతి) ప్రకారం ఇవ్వకపోతే, దానివల్ల జరిగిన నష్టం కూడా పరీక్ష వల్ల జరిగిన నష్టం కిందే లెక్క. డమ్మీ పడినవాళ్ళకి ఇవ్వాల్సిన మామూలు వైద్యం ఇవ్వకపోయినా అంతే. "ప్రోటోకాల్ ప్రకారం" అన్నది చూడు తమ్ముడూ. ప్రోటోకాల్‌లో "పరిగణించబడును" అని మాత్రమే ఉంటే రేపు నువ్వు నిలదీయడానికి చోటు ఉండదు. అందుకే ఆ పదం దగ్గర ఆగమన్నాను.

వెళ్ళి నోటితో అడగొద్దు. తెల్లకాగితం మీద రాసి ఇవ్వు, ఒక కాపీ నీ దగ్గర పెట్టుకో. ఇవి రాయి: పట్టు ఎంత శాతం తగ్గితే, ఎన్నిసార్లు కొలిచాక? కొలిచిన దగ్గర్నుంచి ఐవీఐజీ సూది పడేవరకూ గరిష్ఠంగా ఎన్ని రోజులు? ఆ సీసాల ఖర్చు ఎవరిది? పరీక్ష అయిపోయాక మందు గుణమిస్తే తర్వాత కూడా ఇస్తారా? ఈ చివరిది నియమాల్లో ఉంది గానీ దానంతటదే రాదు. డాక్టరు సిఫారసు చెయ్యాలి, పేషెంట్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, వేరే చికిత్స లేదని తేలాలి. నీకు ఐవీఐజీ అనే వేరే చికిత్స "ఉంది", కొనలేకపోయినా సరే. అక్కడ మెలిక పడొచ్చు.

ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కాగితం చివర ఉంటుంది. ఫోన్ చెయ్యి. నేను పనిచేసిన ఆరేళ్ళలో ఆ నంబరుకి ఫోన్ చేసిన పేషెంట్లు ఇద్దరు. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో కూడా ఈ పరీక్ష ఉందో లేదో చూడు. 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి, ఎవరైనా వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అందులో లేకపోతే ఇంక ప్రశ్నలు కూడా అక్కర్లేదు, లేచి వచ్చేయ్.


పొందూరు_మగ్గం
జనవరి 12, రాత్రి 10.05

రిజిస్ట్రీలో ఉంది అన్నా. టీకాల మాట కూడా ఉంది, 9వ పేజీలో.

నిన్న పొద్దున్న రైలుకి నాన్నని తీసుకుని వెళ్ళాను. నువ్వు చెప్పినవి రాసి ఇచ్చాను. కోఆర్డినేటరు అమ్మాయి ముందు నవ్వింది, చదివాక నవ్వలేదు. లోపలికెళ్ళి డాక్టరుగారిని పిలుచుకొచ్చింది. ఆయన మంచాయనే. అరగంట కూర్చున్నారు. పట్టు తగ్గిందని ఇంటి దగ్గర అనిపిస్తే ఫోన్ చెయ్యాలి, ఆసుపత్రిలో కొలవాలి, మర్నాడో ఆ మర్నాడో మళ్ళీ కొలిచి ఖాయం చెయ్యాలి. ఖాయమయ్యాక వారం లోపు ఐవీఐజీ, ఖర్చు స్పాన్సరుది. నాన్న వెంటనే "శుక్రవారం సాయంత్రం పడితే?" అన్నారు. సోమవారం రమ్మంటారట. నాన్న వేళ్ళ మీద లెక్కపెట్టారు. శుక్ర, శని, ఆది, సోమ, బుధవారం రెండోసారి, ఆపైన ఏడు రోజులు. "పన్నెండు రోజులు. సీర ఒకటి పోయినట్టు" అన్నారు. డాక్టరుగారు కాదనలేదు. రాసి సంతకం పెట్టి ఇచ్చారు.

అక్కడ పట్టు కొలిచే మీటరు ఉంది. పిడికిట్లో పట్టుకుని నొక్కాలి. ఒక్కో చేతికి మూడుసార్లు. ఎడమ 31 కిలోలు, కుడి 9. కుడిచేత్తో మూడోసారి నొక్కేటప్పుడు నాన్న భుజం, మెడ, దవడ అన్నీ బిగుసుకున్నాయి, ముల్లు మాత్రం 9 దాటలేదు. "ఇంకోపాలి సూస్తాను" అన్నారు. ఆ అమ్మాయి మూడే రాయాలండీ అంది. నాన్న ఆ మీటరు వదల్లేదు. తిప్పి తిప్పి చూస్తూ "ఇదేపాటి ఉంతాది?" అనడిగారు.

సంతకం పెడతానన్నారు. పండగ వెళ్ళాక స్క్రీనింగ్, అంటే చేర్చుకోవచ్చో లేదో చూసే పరీక్షలు.


ఉద్దానం_కొబ్బరి
జనవరి 12, రాత్రి 10.40

రాసి సంతకం పెట్టిచ్చారా? డాక్టరా?

సరే. అయితే నేను నోరు మూసుకుంటాను. ఆ కాగితం లామినేషన్ చేయించు.


రాజాం_మందులషాపు
జనవరి 12, రాత్రి 10.44

లామినేషన్ వద్దు, జెరాక్సులు తియ్యి. లామినేషన్ చేసినవి కొన్ని ఆఫీసుల్లో తీసుకోరు.


చీపురుపల్లి_చిన్నోడు
జనవరి 14, ఉదయం 8.00

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. పొందూరు అన్నా, నాన్నగారిని అడిగానని చెప్పు.


పొందూరు_మగ్గం
జనవరి 23, రాత్రి 9.15

తీసుకోలేదు.

రక్తం బాగుంది, కరెంటు పరీక్ష బాగుంది, అంటే వాళ్ళకి కావాల్సినంత బాగాలేదు. అన్నీ సరిపోయాయి. చివర్లో ఐవీఐజీ పాత బిల్లులు అడిగారు. పరీక్షలో చేరాలంటే అంతకుముందు కొన్ని నెలలు ఒకే మోతాదు, ఒకే వ్యవధిలో పడుండాలట. మావి బిల్లుల ప్రకారం 41 రోజులు, 63 రోజులు, 55 రోజులు. ఒకసారి 12 సీసాలు, ఒకసారి 8. కొలిచేదానికి ఆధారం ఉండదని, ఆపినప్పుడు పడిపోయింది దేనివల్లో తేల్చలేమని చెప్పారు. అర్థమైంది. న్యాయమే. కానీ నెలనెలా వేయించగలిగే డబ్బుంటే నేనసలు ఆ గుమ్మమెందుకు ఎక్కుతాను?

నాన్న ఏమీ అనలేదు. రైల్లో "ఆ మీటరు కొందామేటి" అన్నారు. ఆన్‌లైన్‌లో చూశాను. వాళ్ళు వాడేలాంటివి మా వల్ల అయ్యే పని కాదు.


బొబ్బిలి_టీచర్
జనవరి 23, రాత్రి 9.50

అయ్యో. ఏం రాయాలో తెలియడం లేదు నాయనా. మా జబ్బుకి జరిగిన ఆ పరీక్షలోనూ గుమ్మం దగ్గరే వెనక్కి పంపినవాళ్ళు ఎందరో ఉండుంటారు, వాళ్ళ లెక్క ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.


నాగావళి_గట్టు
జనవరి 23, రాత్రి 11.30

తప్పు నాదే తమ్ముడూ. ఈ నిబంధన ఇలాంటి పరీక్షల్లో ఉంటుందని నాకు తెలుసు. రెస్క్యూ మీద పడి దీన్ని అడగనే లేదు. ముందే అడిగుంటే రెండు రైలు ప్రయాణాలు, ఒక ఆశ మిగిలేవి. నీ డాక్టరు, అదే జబ్బు కనిపెట్టినాయన, ఆయన దగ్గరికి ఈ రిపోర్టులన్నీ పట్టుకెళ్ళు. ఉచితంగా అయిన పరీక్షలు కదా, కాపీలు అడిగి తీసుకో. ఇవ్వాలి వాళ్ళు.


టెక్కలి_సిస్టర్
జనవరి 24, మధ్యాహ్నం 2.25

తమ్ముడూ, మీటరు కొనక్కర్లేదు. ఇంట్లో పాతకాలం బీపీ మిషన్ ఉందా? ముల్లు గడియారం ఉండేది, రబ్బరు బుడ్డితో గాలి కొట్టేది. బ్యాటరీది పనికిరాదు. పట్టీని గట్టిగా చుట్టచుట్టి చుట్టూ దారం కట్టు. 20 దాకా గాలి కొట్టి మర బిగించేయ్. ఇప్పుడు నాన్నగారు ఆ చుట్టని పిడికిట్లో పట్టుకుని నొక్కితే ముల్లు పైకెళ్తుంది. ఎంతదాకా వెళ్ళిందో చూసి రాసుకో. ఒక్కో చేతికి మూడుసార్లు, మధ్యలో కాస్త విరామం. ప్రతిసారీ 20 దగ్గరే మొదలవ్వాలి. కుర్చీలో ఒకే తీరుగా కూర్చోవాలి, మోచెయ్యి ఒంటికి ఆనించి. రోజూ ఒకే వేళకి చెయ్యి, చలివేళ ఒకరోజు ఎండవేళ ఒకరోజు చేస్తే అంకెలు తారుమారవుతాయి. మీటరులో కిలోలకీ దీనికీ పోల్చకు, దీన్ని దీనితోనే పోల్చు.

ఫిజియోథెరపీ వాళ్ళు వాడే పద్ధతే ఇది.


రాజాం_మందులషాపు
జనవరి 24, మధ్యాహ్నం 3.10

పాత బీపీ మిషన్ ఒకటి నా దగ్గర ఉంది. గాజు పగిలింది, ముల్లు బాగుంది. రేపు పొందూరు వైపు వచ్చే ఆటోలో పంపిస్తాను. డబ్బులొద్దు.

ఇంకోటి, డాక్టరుగారిని అడగండి. రెండు నెలలకోసారి 12 సీసాల బదులు నెలకి 6 వేస్తే ఏమవుద్దని. సీసాల లెక్క అంతే కదా. కొందరికి తక్కువ మోతాదు దగ్గర దగ్గరగా వేస్తే పడిపోవడం తగ్గుతుందని విన్నాను. నేను షాపువాణ్ణి, నిర్ణయం ఆయనదే. కానీ అంకెలు పట్టుకెళ్ళి అడిగితే వింటారు.


పొందూరు_మగ్గం
ఫిబ్రవరి 20, రాత్రి 8.45

రాజాం అన్నా, మిషన్ అందింది. దారం బదులు నాన్న తన నూలే చుట్టారు, వందో నెంబరు. "పట్టుద్దేటి" అంటే "సీరకే పట్టింది" అన్నారు.

జనవరి 26న 12 సీసాలు పడ్డాయి. ఆ రోజు నుంచీ పొద్దున్న పదింటికి, ఎండ మగ్గం మీదికి వచ్చాక, కొలుస్తున్నాం. మూడింట్లో పెద్ద అంకె రాస్తున్నాను. ఎడమచెయ్యి 200కి అటూ ఇటూ ఉంటోంది, పెద్దగా కదలదు. కుడిచెయ్యి ఇలా ఉంది.

మొదటి రోజు 58. అయిదో రోజు 64. పదో రోజు 92. పదిహేనో రోజు 118. పద్దెనిమిదో రోజు 122. ఇరవై రెండు 120. ఇరవై అయిదు, అంటే నిన్న, 109. ఇవాళ 104.

మేం ఇన్నాళ్ళూ నాలుగు వారాలు బావుంటున్నారనే అనుకున్నాం. బావుండడం కాదు, మూడు వారాల దగ్గరే జారడం మొదలవుతోంది, నాన్న చెప్పడం లేదంతే. అడిగితే "సెప్తే సీసాలొస్తాయేటి" అన్నారు.

డాక్టరుగారు సోమవారం రమ్మన్నారు. ఆరు సీసాల మాట అడుగుతాను. పుస్తకం పట్టుకెళ్తున్నాం. సిస్టర్, ఒక్క సందేహం. గాలి 20 దగ్గర నిలవడం లేదు, కొట్టిన నిమిషానికి 16కి దిగిపోతోంది. బుడ్డి దగ్గర లీకనుకుంటా. సైకిలు ట్యూబు సొల్యూషన్ రాస్తే పనిచేస్తుందా?


టెక్కలి_సిస్టర్
ఫిబ్రవరి 20, రాత్రి 9.10

సొల్యూషన్ రాయకు, రబ్బరు బిగుసుకుపోద్ది. మర దగ్గర వాషరు చూడు. అక్కడే పోతుంది ఎప్పుడూ.